మెట్టెలు నల్లబడ్డ వారం: చిత్తూరు దగ్గరి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఒక సేఫ్టీ కేసు

చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల్లో అందరికీ భారం దిగినట్టుండే రోజు ఒకటి ఉంటుంది. చివరి లోడు తోతాపురి కాయ గుజ్జు తీసే పల్పర్‌లో పడి, చివరి డ్రమ్ముకు సీలు వేసి, లైన్ మీద పనిచేసిన ఆడవాళ్లకు లెక్క కట్టి పంపించిన మర్నాడు. జూన్ నుంచి రాత్రీ పగలూ తిరిగిన మెషిన్లు ఆగిపోతాయి. గేటు బయట ట్రాక్టర్ల వరస ఉండదు. మిగిలేది కడుగుడు పని ఒక్కటే. నేను ఇక్కడ రాస్తున్న సంగతి సరిగ్గా ఆ రోజు జరిగింది.

వాడిన నీళ్లు వచ్చి పడే తొట్టిలోకి ఒక కుర్రాడు దిగి స్పృహ తప్పాడు. అతన్ని తీయడానికి ఇంకొకడు దిగబోయాడు. ఇద్దరూ బతికారు. యజమాని అనుమతి తీసుకుని రాస్తున్నాను, ఫ్యాక్టరీ పేరు మాత్రం రాయను. నేను తిరుపతిలో ఉంటాను. ఫ్యాక్టరీల భద్రత పని మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. ఆ ఫ్యాక్టరీలో ఏడాదికి రెండుసార్లు రిస్కులు చూసి రిపోర్టు ఇచ్చేది నేనే. ఆ రిపోర్టులో ఈ తొట్టి ఉంది. దానికి పచ్చ రంగు, అంటే రిస్కు తక్కువ అన్న గుర్తు, వేసింది కూడా నేనే. ఆ విషయం దాచిపెట్టి ఈ కేసు చెప్పడం కుదరదు.

ఆ రోజు

సీజన్‌లో అక్కడ మూడు వందల మంది దాకా పనిచేస్తారు. కాయలు కడిగే చోట, ఏరే బెల్టు దగ్గర ఎక్కువగా ఆడవాళ్లే. పూతలపట్టు, తవణంపల్లె వైపు పల్లెల నుంచి వస్తారు. గుడిపాల వైపు నుంచి వచ్చేవాళ్లలో ఇంట్లో తమిళం మాట్లాడేవాళ్లు చాలామంది. సీజన్ అయ్యాక ముప్పై మంది పర్మనెంటు వాళ్లు మాత్రమే ఉంటారు. అప్పటి ఫ్యాక్టరీల చట్టం ప్రకారం వెయ్యి మంది దాటితేనే సేఫ్టీ ఆఫీసర్ తప్పనిసరి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక భద్రత కోడ్‌లో ఆ సంఖ్య మామూలు ఫ్యాక్టరీలకు 500 అయింది. ఎలా చూసినా ఇలాంటి యూనిట్లలో ఆ ఉద్యోగం ఉండదు. ప్రొడక్షన్ మేనేజరే సేఫ్టీ కూడా చూసుకోవాలి.

కాయ కడిగిన నీళ్లు, నేల కడిగిన నీళ్లు, మెషిన్లు కడిగిన నీళ్లు అన్నీ షెడ్డు వెనక కలెక్షన్ తొట్టిలో పడతాయి. నాలుగు మీటర్ల లోతు, పైన కాంక్రీటు కప్పు, మనిషి దిగడానికి రెండడుగుల మ్యాన్‌హోల్, గోడకు ఇనుప మెట్లు. అడుగున ఒక పంపు ఆ నీళ్లను ట్రీట్‌మెంట్ ప్లాంటుకు తోడుతుంది. తోతాపురి పీచు, తొక్క ముక్కలు చుట్టుకుని ఆ పంపు తరచూ పట్టేస్తుంది. ఆ రోజు కూడా పట్టేసింది.

లేబర్ కాంట్రాక్టరు పంపిన ముగ్గురు వచ్చారు. మేస్త్రీ, ఇరవై ఆరేళ్ల కుర్రాడు, అతని బావమరిది. మూత తీసి పది నిమిషాలు ఆగారు. కుళ్లిన కోడిగుడ్డు వాసన గుప్పుమంది. కాసేపటికి ఆ వాసన పోయింది. గ్యాస్ బయటికి పోయింది అనుకున్నారు.

కుర్రాడు నడుముకు తాడు కట్టుకున్నాడు. ఎవరూ చెప్పలేదు, అతని అలవాటు. వాళ్ల నాన్న బావుల్లో పూడిక తీసేవాడు. "తాడు లేకుండా దిగితే మా నాయన ఊరుకునేవాడు కాదు సార్. ముందు దీపం దించి చూసేవాడు. అది ఆరిపోతే ఆ పొద్దు పని లేదు, అంతే" అని తర్వాత ఆస్పత్రిలో నాకు చెప్పాడు. తొట్టిలోకి దీపం దించలేదా అని అడిగాను. "ఇది బావి కాదు గదా సార్" అన్నాడు.

దిగి, ఇనుప రాడ్డుతో పంపు అడుగున మడ్డిని కెలికాడు. "నాలుగు సార్లు పొడిచినానో లేదో, కాళ్లల్లో సత్తువ లేకుండా పాయ. అరవాలనుకున్నా, నోరు రాలేదు." అంతవరకే అతనికి గుర్తుంది.

పైనున్న బావమరిది వెంటనే మెట్టు మీద కాలు పెట్టాడు. మేస్త్రీ అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగి పడేశాడు. తర్వాత గట్టిగా అరిచాడు. బాయిలర్ దగ్గర నుంచి ఇద్దరు పరిగెత్తుకొచ్చారు. నలుగురూ తాడు లాగారు. నడుముకు కట్టిన తాడు కాబట్టి మనిషి మధ్యకి మడతపడి మ్యాన్‌హోల్ అంచుకు ఇరుక్కున్నాడు. జుట్టు, భుజం పట్టి తీశారు. ఎంతసేపు పట్టిందని మేస్త్రీని అడిగితే అర నిమిషం అన్నాడు. కెమెరాలో చూస్తే దాదాపు రెండు నిమిషాలు.

బయట గాలి తగలగానే ఊపిరి అందుకున్నాడు. 108లో చిత్తూరుకు తీసుకెళ్లారు. లేచి కూర్చుని ఇంటికి పోతానన్నాడు కానీ, పంపవద్దని నేను ఫోన్లోనే బతిమాలాను. ఈ గ్యాస్ (హైడ్రోజన్ సల్ఫైడ్) పీల్చిన మనిషి బాగానే కనిపించి, కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరి మళ్లీ ప్రమాదంలో పడొచ్చు. రెండు రోజులు ఉంచారు. తలనొప్పి వారం దాకా తగ్గలేదు. తాడు ఒరిసిన చోట పక్కటెముకల మీద నల్లటి చార నేను వెళ్లేసరికి కూడా ఉంది.

మేస్త్రీది పలమనేరు వైపు పల్లె. బావమరిదిని ఎందుకు ఆపావు, ఆ క్షణంలో ఎలా తట్టింది అని అడిగాను. "మొరం గుర్తొచ్చింది సార్" అన్నాడు. 2018 ఫిబ్రవరిలో పలమనేరు మండలం మొరం దగ్గర ఒక హేచరీలో మురుగు తొట్టి శుభ్రం చేస్తూ ఏడుగురు చనిపోయారు. "ఒకడు పడితే ఇంకొకడు దిగగూడదని అప్పుడే మా ఊళ్లో అందరూ అనుకున్నారు." అతనికి నేనెప్పుడూ క్లాసు చెప్పలేదు. నా రిపోర్టు అతను చూడలేదు. ఆ రోజు ఒక ప్రాణం నిలవడానికి ఒక తండ్రి నేర్పిన తాడు, రెండో ప్రాణం నిలవడానికి పక్క ఊరి దుఃఖం కారణం. మా కాగితాలు కాదు.

ఆ రోజే ఎందుకు

అందరి మొదటి ప్రశ్న ఇదే. అదే తొట్టిలోకి ఎనిమిది సీజన్లుగా మనుషులు దిగుతున్నారు, ఎవరికీ ఏమీ కాలేదు. మరి ఇప్పుడేమైంది?

మర్నాడు ఉదయం గ్యాస్ కొలిచే మీటరుతో వెళ్లాను. గొట్టం కట్టి పైనుంచే మూడు లోతుల్లో గాలి లాగి చూశాను. ఒక మీటరు లోతులో ఆక్సిజన్ 20.6 శాతం, హైడ్రోజన్ సల్ఫైడ్ 3 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు మూడు భాగాలు). మధ్యలో 11. అడుగున, మడ్డికి జానెడు పైన, 38. ఇది మంచి అంకె కాదు, కానీ నాలుగు రాడ్డు పోట్లకు మనిషి కూలిపోయే అంకె కూడా కాదు. అప్పుడు పొడుగాటి వెదురు కర్ర తెప్పించి పైనుంచే మడ్డిని కెలికించాను. ఇరవై సెకన్లలో అంకె వంద దాటింది. మీటరు చూపగలిగిన చివరి అంకె దాకా వెళ్లి అక్కడే నిలిచిపోయింది.

ఈ కేసు మొత్తంలో అన్నిటికన్నా గుర్తుపెట్టుకోవాల్సింది అదే. గ్యాస్ తొట్టి గాలిలో కన్నా మడ్డిలో ఎక్కువ ఉంటుంది. సోడా సీసాలో గ్యాస్ ఉన్నట్టు అణిగి ఉంటుంది. దిగేముందు ఒక్కసారి మీటరు చూసి బాగుందని సంతకం పెడితే, మనిషి దిగి పని మొదలుపెట్టగానే ఆ రీడింగ్ పనికిరాకుండా పోతుంది. పని చేయడమంటేనే మడ్డిని కదిలించడం కదా.

ఈ గ్యాస్ ఎలా పుడుతుందో కొంచెం చెప్పాలి. నీళ్లలో ఉండే సల్ఫేట్లను గాలి ఆడని మడ్డిలో సూక్ష్మజీవులు సల్ఫైడ్‌గా మారుస్తాయి. నీటికి క్షారగుణం ఉన్నంతసేపు ఆ సల్ఫైడ్ చాలావరకు నీళ్లలోనే ఉంటుంది. పులుపు పెరిగితే గ్యాస్ అయి పైకి లేస్తుంది. మామిడి నీళ్లు అసలే పులుపు, అందుకే సీజన్ అంతా ఆ తొట్టిలో సున్నం కలుపుతారు. సున్నం కలిపే మనిషి లెక్క కట్టించుకుని మూడు రోజుల ముందే వెళ్లిపోయాడు. సీజన్ అయిపోయింది కాబట్టి ఇక అవసరం లేదనుకున్నారు. ఆ మూడు రోజులు మడ్డి కదలకుండా మగ్గింది. ఆ మీదట, చివరి కడుగుడులో పైపుల లోపల పేరుకున్నది వదలడానికి నైట్రిక్ యాసిడ్ తిప్పారు. ఏటా చేసేదే. ఈసారి ఎక్కువసేపు తిప్పారు. ఆ యాసిడ్ నీళ్లు నేరుగా అదే తొట్టిలోకి వదిలారు. రెండు గంటల తర్వాత కుర్రాడు దిగాడు.

సున్నం ఆపినవాడు తప్పు చేయలేదు, యాసిడ్ వదిలినవాడూ తప్పు చేయలేదు. ఎవరి పని వాళ్లు రోజూలాగే చేశారు. ఆ రెండు పనులూ తొట్టి అడుగున కలుస్తాయని చూడాల్సిన మనిషి ఎవరూ లేరు. యూనిట్ బయటివాణ్ణే అయినా, చూడాల్సినవాణ్ణి నేను.

వాసన సంగతి. హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. వంద పీపీఎం దగ్గరికి వచ్చేసరికి నిమిషాల్లో ముక్కు పనిచేయడం మానేస్తుంది. ఐదు వందలు దాటితే మనిషి నిమిషాల్లో కూలిపోతాడు. ఏడెనిమిది వందలు దాటితే ఒకటి రెండు ఊపిరులు చాలు. అంటే వాసన పోవడం గ్యాస్ పెరగడానికి గుర్తు కూడా కావచ్చు. ఆ ముగ్గురూ దాన్ని గ్యాస్ పోవడానికి గుర్తు అనుకున్నారు. ఫ్యాక్టరీలో నేను అడిగిన పదిమందిలో తొమ్మిది మంది కూడా అలాగే అనుకుంటున్నారు. ఇంజనీర్లతో సహా.

బావి దీపం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మన రాయలసీమ పల్లెల్లో అది తరాల నాటి తెలివి. ఆక్సిజన్ బాగా తగ్గిన బావిలో దీపం ఆరిపోతుంది, ప్రాణం కాపాడుతుంది. కానీ మనిషిని చంపే హైడ్రోజన్ సల్ఫైడ్ గాలిలో పావు శాతం కూడా ఉండక్కర్లేదు. దీపం చక్కగా వెలుగుతూనే ఉంటుంది. మడ్డి తొట్టిలో మీథేన్ కూడా చేరుతుంది. అది ఐదు శాతం దాటితే అదే దీపం తొట్టిని పేల్చేస్తుంది. కాబట్టి తాడు ఉంచుకోవాలి, దీపం వదిలేయాలి. మేస్త్రీకి ఇలాగే చెప్పాను.

మీటరును నమ్ముకునేవాళ్లకు కూడా ఒక మాట. ఫ్యాక్టరీల్లో వాడే నాలుగు గ్యాసుల మీటరు ఆక్సిజన్, మండే గ్యాసులు, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్ చూపిస్తుంది. కార్బన్ డయాక్సైడ్ చూపించదు. మామిడి గుజ్జు, తొక్క పులిస్తే పుట్టేది ముఖ్యంగా అదే, గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు, అడుగున కూర్చుంటుంది. నాలుగు శాతం ఉంటే ప్రాణాపాయం. అప్పుడు ఆక్సిజన్ రీడింగ్ ఎంత ఉంటుంది? 20.9 నుంచి 20.1కి దిగుతుంది, అంతే. మీటరు అలారం మోగేది 19.5 దగ్గర. మోగదు. పండ్ల ఫ్యాక్టరీ, బెల్లం, చెరకు రసం, ఈస్ట్, సారా, ఏదైనా పులిసే చోట విడిగా కార్బన్ డయాక్సైడ్ మీటరు ఉండాలి. నాకు ఇది పుస్తకంలో తెలుసు. ఆ తొట్టి దగ్గర నిలబడేదాకా ఆ యూనిట్‌కు కొనమని నేను రాయలేదు.

మెట్టెలు

విచారణ రెండో రోజు షెడ్డు వెనక నేల కడిగే ఆడవాళ్లను పిలిపించాను. సీజన్ అయిపోయింది కాబట్టి వాళ్ల ఊరికే వెళ్లాల్సి వచ్చింది. ఆ వారంలో ఏమైనా తేడాగా కనిపించిందా అని అడిగితే లేదన్నారు. వాసన అంటే ఎప్పుడూ ఉండేదే అన్నారు. లేవబోతుంటే ఒక పెద్దావిడ, "సార్, అదేమో గానీ, మా మెట్టెలు నల్లగా అయిపాయ" అంది. పక్కనున్నామె కాలు ముందుకు చాపి చూపించింది. పట్టీలు కూడా. చింతపండుతో తోమినా మళ్లీ రెండు రోజులకే నల్లబడుతున్నాయట. ఒంట్లో వేడి చేసిందని ఒకామె, వెండి మంచిది కాదని ఇంకొకామె అనుకున్నారు. చిత్తూరులో కొన్న అంగడికి వెళ్లి గొడవ కూడా పెట్టుకుని వచ్చింది ఒకామె.

వెండి నల్లబడడానికి కారణం హైడ్రోజన్ సల్ఫైడే. గాలిలో అతి కొద్దిగా ఉన్నా వెండి మీద నల్లటి పొర కడుతుంది. ఫ్యాక్టరీ లోపల లైన్ మీద నగలు వేసుకోనివ్వరు, వెనకవైపు కడిగేవాళ్లకు ఆ పట్టింపు లేదు. అందువల్ల ఆ ఆడవాళ్ల కాళ్లు నేలకు జానెడు ఎత్తులో, బరువైన గ్యాస్ పాకే చోట, రోజంతా తిరిగే గ్యాస్ మీటర్లు అయ్యాయి. ప్రమాదానికి ముందు నుంచే అవి కబురు చెబుతూనే ఉన్నాయి.

వెనక్కి వచ్చి ఎలక్ట్రీషియన్‌ను అడిగాను. తొట్టి పక్క ప్యానెల్‌లో ఆ నెలలో స్టార్టరు మూడుసార్లు మార్చాడు. పాత కాంటాక్టులు చెత్తబుట్టలోంచి తీసి చూపించాడు. రాగి నల్లగా బొగ్గులా ఉంది. అతను దాన్ని తేమ అనుకుని స్పేర్ రాసుకున్నాడు.

ఆడవాళ్లకు తెలుసు, ఎలక్ట్రీషియన్‌కు తెలుసు. అడిగేవాళ్లు లేరు. ఏడాదికి రెండుసార్లు నేను ఆ ఫ్యాక్టరీలో తిరిగేవాణ్ణి, చేతిలో చెక్‌లిస్టు, పక్కన మేనేజరు. మంటలార్పే సిలిండర్ తేదీ చూశాను, పల్పర్ గార్డు చూశాను, అమోనియా రూములో మాస్కు చూశాను. (అమోనియా చూడకుండా ఎవరూ ఉండరు. 2020 ఆగస్టులో పూతలపట్టు మండలం బండపల్లి దగ్గర పాల డెయిరీలో అమోనియా లీకై ఆడకూలీలు ఆస్పత్రి పాలయ్యాక ఈ ప్రాంతంలో అందరికీ దాని మీద భయం ఉంది.) నేల కడిగే ఆమె పక్కన కూర్చుని ఐదు నిమిషాలు మాట్లాడింది లేదు.

పచ్చ రంగు ఎలా వచ్చింది

రిస్కు లెక్క అందరికీ తెలిసిందే. జరిగే అవకాశానికి ఒకటి నుంచి ఐదు, జరిగితే నష్టానికి ఒకటి నుంచి ఐదు, రెండూ గుణిస్తే మార్కులు. నా పాత షీటులో తొట్టి శుభ్రం చేయడానికి అవకాశం 1, నష్టం 4, మొత్తం 4. పచ్చ. గుజ్జు పడ్డ నేల మీద జారిపడడం 4 రెళ్లు 8. పసుపు. దాంతో ఆ ఏడాది సేఫ్టీ ఖర్చంతా జారని చాపలకూ గమ్‌బూట్లకూ పోయింది.

అవకాశం 1 ఎందుకు వేశాను? ఎనిమిది సీజన్లలో ఏమీ కాలేదు, ఏడాదికి నాలుగైదు సార్లే దిగుతారు. ఈ రెండు కారణాలూ ఇప్పుడు చూస్తే తప్పు. ఏమీ కాకపోవడం తొట్టి మంచిదని చెప్పదు, ఇన్నాళ్లూ సున్నం కలుస్తోందని మాత్రమే చెబుతుంది. ఏడాదికి ఐదుసార్లే అన్న మాట ఫ్యాక్టరీకి తక్కువ. దిగే మనిషికి ఆ ఐదుసార్లలో ఒక్కోసారి రిస్కు ఎంత అన్నదే లెక్క. నష్టం 4 వేయడం ఇంకా పెద్ద తప్పు. అక్కడ ఒకరితో ఆగదు. మూసి ఉన్న చోట్ల చావుల మీద అమెరికా కార్మిక భద్రత పరిశోధన సంస్థ నియోష్ 1986లో చెప్పిన మాట ఈ పని చేసే వాళ్లందరికీ తెలుసు, చనిపోయినవాళ్లలో అరవై శాతానికి పైగా కాపాడబోయినవాళ్లేనని. నాకూ తెలుసు. తెలిసీ 4 వేశాను, ఎందుకంటే 5 వేస్తే షీటులో ఎర్ర రంగుకు దగ్గరవుతుంది, దానికి ఒక పరిష్కారం రాయాలి, సీజన్ మధ్యలో ఎవరికీ తీరిక లేదు.

ఇప్పుడు నేను చేసేది ఇది. మనిషి చనిపోయే అవకాశం ఉన్న పనులన్నీ విడిగా ఒక కాగితం మీద రాస్తాను, వాటికి అవకాశం మార్కులు వేయను. గుణింతం లేదు, రంగు లేదు. ఒక్కో పనికి ఒకటే ప్రశ్న, ఇవాళ అడ్డుకుంటున్నది ఏమిటి, అది పనిచేస్తోందని ఎప్పుడు చూశాం. ఆ ఫ్యాక్టరీకి అలాంటివి ఏడు వచ్చాయి. తొట్టి మొదటిది. బాయిలర్, అమోనియా, పల్పర్‌లో చెయ్యి పెట్టడం, షెడ్డు రేకుల మీద ఎక్కడం లాంటివి మిగతావి.

ఏం మార్చాం

మొదటి మీటింగులో మేనేజరు మంచి మనసుతోనే ఒక లిస్టు తెచ్చాడు. మాస్కులు, బెల్టులు, బోర్డులు, పర్మిట్ పుస్తకం. నేను దాన్ని పక్కన పెట్టమన్నాను. ముందు ఒకటే అడిగాను, అసలు ఎందుకు దిగుతున్నారు? పంపు పట్టేస్తుంది కాబట్టి. ఎందుకు పట్టేస్తుంది? పీచు వస్తుంది కాబట్టి. పీచు ఎందుకు వస్తుంది? కాలువలో జాలీ చిరిగి రెండేళ్లయింది కాబట్టి.

కొత్త జాలీ బుట్టలు రెండు పెట్టారు, ఒకటి ఎత్తి కడిగేటప్పుడు ఇంకోటి లోపల ఉండేలా. పంపును గోడకు బిగించిన రెండు పైపుల మీద జారేలా మార్చారు. ఇప్పుడు పంపు పట్టేస్తే చైన్ కప్పీతో దాన్నే పైకి లాగి, ఎండలో పెట్టి పీచు తీస్తారు. మనిషి కిందికి పోవడం కాదు, పంపు పైకి రావడం. ఏడాది చివర మడ్డి తీయడానికి సక్షన్ ట్యాంకరు వస్తుంది, పైనుంచి నీటి జెట్‌తో కదిలించి లాగేస్తారు. ఈ పనులన్నిటికీ అయిన ఖర్చు నాలుగు లారీల కాయ ఖర్చు లోపే. నాలుగు గ్యాసుల మీటరు, కార్బన్ డయాక్సైడ్ మీటరు రెండూ కలిపినా ఒక లారీ కాయ ఖర్చంత కాలేదు. యజమాని ఈ లెక్క విని కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత పనులు ఎక్కడా ఆపలేదు.

యాసిడ్ నీళ్లు ఇప్పుడు ముందు పక్క ట్యాంకులోకి పోయి, సున్నంతో సరిచేశాకే తొట్టిలోకి వస్తాయి. చివరి కాయ అయ్యాక రెండు వారాలు సున్నం మనిషికి జీతం ఉంటుంది. ఇది రాయడానికి చిన్న మాట, దీనికే అన్నిటికన్నా ఎక్కువ వాదన జరిగింది. పనిలేని మనిషికి జీతమేంటి అని అకౌంట్స్ వాళ్లు. అతనికి పని ఉందని ఒప్పించడానికి నా వెదురు కర్ర ప్రయోగం వీడియో చూపించాల్సి వచ్చింది.

మ్యాన్‌హోల్‌కు ఇనుప జాలీ, తాళం. తాళంచెవి షిఫ్ట్ ఇన్‌చార్జి ఒక్కడి దగ్గరే. దిగక తప్పని రోజు వస్తే 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం (2025 నవంబరు దాకా అమల్లో ఉన్నది) 36వ సెక్షన్ చెప్పినవి అక్షరాలా పాటించాలని పెట్టుకున్నాం. తెలిసిన మనిషి పరీక్ష చేసి రాతపూర్వకంగా ఇవ్వడం, లేదంటే ఊపిరి పరికరం వేసుకుని, బెల్టుకు కట్టిన తాడు కొస బయట మనిషి చేతిలో ఉండగా దిగడం. ఆ సెక్షన్ చదివినప్పుడల్లా నాకు ఆ కుర్రాడి నాన్న గుర్తొస్తాడు, చట్టం చెప్పిన సగం ఆయన అప్పటికే చేస్తున్నాడు. దీనికి మేం కలిపినవి రెండు. మీటరు దిగిన మనిషి మెడ దగ్గర పని అయ్యేదాకా నడుస్తూనే ఉండాలి, మడ్డిని పైనుంచి కెలికాక తీసిన రీడింగే రీడింగ్.

బోర్డు ఇంగ్లిష్‌లో ఉండేది. తీసేశాం. తెలుగు, తమిళం, హిందీలో ఒక్కో వాక్యం, పెద్ద బొమ్మ. ఆ వాక్యం మేస్త్రీ చెప్పిందే పెట్టాం, "ఒకరు పడితే ఇంకొకరు దిగొద్దు. అరవండి, తాడు లాగండి."

ప్రమాదం రిపోర్టు చేయాలా వద్దా అని కూడా చర్చ వచ్చింది. మనిషి బతికాడు కదా అన్నారు. నలభై ఎనిమిది గంటలకు పైగా పనికి రాలేకపోతే ఇన్‌స్పెక్టరుకు నోటీసు పంపాలి. పంపారు. అప్పుడే ఇంకో సంగతి బయటపడింది, కాంట్రాక్టరు ఈఎస్ఐ జాబితాలో ఆ కుర్రాడి పేరు లేదు. కాంట్రాక్టు కూలీ విషయంలో కూడా చివరికి బాధ్యత అసలు యజమానిదే. ఆస్పత్రి ఖర్చు, కూలి పోయిన రోజుల డబ్బు ఫ్యాక్టరీ ఇచ్చింది. ఇప్పుడు పేరు జాబితాలో లేనిదే గేటు పాసు లేదు.

డ్రిల్లు

తర్వాతి ఏడాది మే నెలలో, కాయ రాకముందు, అరవై కిలోల ఇసుక మూటకు పాత యూనిఫాం తొడిగి తొట్టిలోకి దించాం. తొట్టి అప్పటికి కడిగి, గాలి పట్టించి, మీటరుతో చూసి ఉంది. ముందు చెప్పకుండా సైరన్ మోగించాం. మనిషిని పైకి లాగే మూడు కాళ్ల స్టాండు స్టోరులో ఉంది, స్టోరు తాళంచెవి భోజనానికి వెళ్లిన మనిషి జేబులో ఉంది. మూట పైకి రావడానికి పంతొమ్మిది నిమిషాలు పట్టింది. అది మనిషే అయితే మొదటి నాలుగైదు నిమిషాలకే అయిపోయేది. ఇంకా బాధ కలిగించింది ఏమిటంటే, లోపల ఉన్నది మూట అని తెలిసి కూడా ఇద్దరు కుర్రాళ్లు మ్యాన్‌హోల్ మీదికి వంగి తల లోపల పెట్టారు. మనిషి స్వభావం అంత గట్టిది. దాన్ని తిట్టి మార్చలేం, మళ్లీ మళ్లీ చేయించాలి.

స్టాండు ఇప్పుడు తొట్టి పక్కనే రేకు పెట్టెలో, తాళం లేకుండా ఉంటుంది. నెలకోసారి చేయించాం. నాలుగోసారికి మూడున్నర నిమిషాలకు వచ్చింది. నేల కడిగే ఆడవాళ్లను కూడా డ్రిల్లులో కలిపాం, మొదట అరిచేది వాళ్లే కాబట్టి. సోమవారం రౌండులో ఇన్‌చార్జి వాళ్ల దగ్గర ఆగి మెట్టెలు ఎలా ఉన్నాయని అడుగుతాడు. మొదట సిగ్గుపడ్డారు. ఇప్పుడు అడగడం మర్చిపోతే వాళ్లే గుర్తుచేస్తారు. తొట్టి మూత దగ్గర మేకుకు ఒక వెండి మెట్టె కూడా వేలాడుతోంది, ఆ పెద్దావిడ ఇచ్చింది. ఇది మీటరుకు బదులు కాదు, అందరికీ అదే చెబుతున్నాను. మీటరు లేని రోజుల్లో కూడా కనిపించే గుర్తు మాత్రమే.

ఇంకా తేలనిది

ఆ ఫ్యాక్టరీలో గత రెండు సీజన్లలో ఎవరూ తొట్టిలోకి దిగలేదు. కానీ ఆ ముగ్గురి పని అక్కడితో ఆగదు. సీజన్ అయ్యాక కాంట్రాక్టరు వాళ్లను ఆరేడు యూనిట్లకు తిప్పుతాడు. అక్కడ జాలీ ఉండదు, పైపుల మీద జారే పంపు ఉండదు. నేను ఒక యజమానిని మార్చగలిగాను కానీ ఆ కుర్రాడు వెళ్లే మిగతా గేట్ల లోపలికి నాకు పిలుపు లేదు. అందుకే మేస్త్రీకి ఒక కార్డు రాసి ఇచ్చాను, జేబులో పట్టేది. మీటరు చూపించమని అడగండి. కెలికాక చూపించమని అడగండి. లేదంటే దిగకండి, నాకు ఫోన్ చేయండి.

ఈ ఆగస్టులో ఒక మధ్యాహ్నం ఫోన్ వచ్చింది, బంగారుపాళ్యం వైపు ఒక యూనిట్ నుంచి. "సార్, ఈడ మీటరు లేదంటాండారు. ఇంతకుముందు దిగినోళ్లు లేరా అని అడగతాండారు. ఏం జెప్పమంటారు?"

మూత దగ్గర్నుంచి లేచి ఎదురుగాలి వైపు చెట్టు కింద కూర్చోమన్నాను. ఆ మేనేజరుకు ఫోన్ ఇమ్మని పది నిమిషాలు మాట్లాడాను, తర్వాత నా మీటరు తీసుకుని తిరుపతి నుంచి బయల్దేరాను. నేను చేరేసరికి నాలుగు దాటింది. ముగ్గురూ వేపచెట్టు కిందే ఉన్నారు. ఆ పూట కూలి పోతుందేమోనని బావమరిది మొహం చిన్నబోయి ఉంది. గొట్టం దించి, మేస్త్రీ చేతికే వెదురు కర్ర ఇచ్చి కెలకమన్నాను. మీటరు అరవడం మొదలుపెట్టింది. మేనేజరు దగ్గరికి వచ్చి అంకె చూశాడు, ఇంకోసారి చూశాడు, ఫోన్ తీసి సక్షన్ ట్యాంకరు నంబరు అడిగాడు. ఆ పూట కూలి ముగ్గురికీ ఇప్పించే వచ్చాను.